స్వయంచాలిత కారు: భద్రతకు కొలబద్ద ఏది?

డ్రైవరు లేకుండా నడిచే కారు మనిషి నడిపే కారు కంటె సురక్షితమైనదని తయారీదార్లు చాటుతున్నారు. ఈ వాదాన్ని మేము తేలికగా త్రోసిపుచ్చము. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది. మనిషి అలసిపోతాడు, పొరబడతాడు. యంత్రం కొన్ని ప్రాణాలనైనా కాపాడగలిగితే కార్మికవర్గం దానిని స్వాగతించవలసిందే. అయితే కాపాడుతున్నదని ఎవరు, ఏ లెక్కతో తేల్చాలి?

మొదటిది, దూరం. అమెరికాలో సుమారు పది కోట్ల మైళ్ల ప్రయాణానికి ఒక మరణం సంభవిస్తున్నది. కనుక యంత్రం ఈ విషయంలో మనిషికి తీసిపోదని రుజువు కావాలంటే, ఒక్క ప్రాణమూ పోకుండా అది 27.5 కోట్ల మైళ్లు నడవాలని అక్కడి రాండ్ సంస్థ 2016లో లెక్కగట్టింది. కొద్ది దూరపు లెక్కలతో తీర్పు చెప్పరాదు.

రెండవది, పరిస్థితులు. ఫీనిక్స్ నగరపు విశాలమైన రోడ్లపై నెగ్గిన కారును, రాయపూరు స్టేషను ఆవలివైపున గుఢియారీలో తోపుడుబళ్ల మధ్య, సైకిళ్ల మధ్య బండి నడిపే డ్రైవరుతో పోల్చడం న్యాయం కాదు.

మూడవది, బాధ్యత. 2018 మార్చి 18న అమెరికాలోని టెంపేలో ఊబర్ సంస్థవారి ప్రయోగాత్మక కారు రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొని చంపింది. 5.6 సెకన్ల ముందే ఆమెను పసిగట్టినా, ఎదుట ఉన్నది మనిషి అని యంత్రం గుర్తించలేకపోయింది. కారుతో వచ్చిన అత్యవసర బ్రేకు ఏర్పాటు స్వయంచాలనలో పనిచేయకుండా నిలిపివేయబడి ఉన్నది. పర్యవేక్షణకు కూర్చున్న ఉద్యోగిని రోడ్డు చూడకపోవడం తప్పే. కాని నేరారోపణ ఆమె ఒక్కదానిపైనే వచ్చింది, సంస్థపై రాలేదు.

ఈ పోకడ రైల్వే సోదరులకు కొత్త కాదు. 2024 జూన్ 17న రంగాపాని వద్ద గూడ్సు రైలు కాంచనజంఘ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొన్ననాడే, మరణించిన లోకో పైలట్‌పై నింద వేశారు. సిగ్నళ్లు చెడినప్పుడు ఇచ్చిన అనుమతి పత్రమే సరియైనది కాదనీ, శిక్షణ చాలలేదనీ రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తరువాత బయటపెట్టింది. ఆ కమిషన్ రైల్వేబోర్డు క్రింద గాక పౌర విమానయాన శాఖ క్రింద ఉన్నది. తన పరీక్షకు తానే మార్కులు వేసుకోరాదన్న సూత్రం అందులో ఉన్నది.

స్వయంచాలిత కార్లకూ ఇదే కొలబద్ద కావాలి. నడిచిన దూరం, జరిగిన ప్రమాదాలు, మనిషి జోక్యం చేసుకొనవలసి వచ్చిన సందర్భాలు ప్రజల ముందుంచాలి. విచారణ స్వతంత్రంగా జరగాలి. రేపు తపాలా మోటారు సర్వీసు వ్యానులో యంత్రమే స్టీరింగు పట్టి, మన సోదరుని ప్రక్కన కూర్చుండబెడితే, యంత్రం తప్పుకు అతనిని బలిచేయరాదు. లాభం యజమానికీ, నింద కార్మికునికీ అన్న పంపకాన్ని మనం అంగీకరించరాదు.