ఆటస్థలం ఖాళీ జాగా కాదు

ఊరికి కొత్త సర్కారు భవనం మంజూరైందంటే అధికారుల చూపు ముందుగా పడేది బడి ఆవరణ మీదే. సచివాలయం కావచ్చు, ఆరోగ్య కేంద్రం కావచ్చు, మంచినీళ్ల ట్యాంకు కావచ్చు. ఎందుకంటే ఆ జాగా ఊరి నడుమ ఉంటుంది, దానికి దారి ఉంటుంది. భూసేకరణ నోటీసులు అక్కర్లేదు, పరిహారం కట్టే పని లేదు. అన్నిటికీ మించి అడ్డుపడే హక్కుదారు ఎవరూ ఉండరు. ఆ నేలను రోజూ వాడుకునేవాళ్లకు ఓటు లేదు మరి. అందుకే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు రెండూ బడి ఆటస్థలాల కోసం విడిగా ఒక చట్టం చేయాలి. ఆటస్థలాన్ని ఇంకో పనికి మళ్లించకుండా ఆ చట్టం కట్టడి చేయాలి. బడి వేళలు అయ్యాక ఆ నేల ఊళ్లోని పిల్లలందరికీ అందుబాటులో ఉండేలానూ చూడాలి. ఈ రెండూ ఒకదాన్నొకటి కాపాడతాయి. సాయంత్రం పూట జనం కళ్లెదుట పిల్లలు ఆడుకునే నేలను కబ్జా చేయడం కష్టం. తాళం పడి, ముళ్లకంప పెరిగిన నేలకైతే అందరూ వారసులే.

చట్టం ఇప్పటికే ఉంది కదా అనవచ్చు. నిజమే, 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఉండాల్సిన వసతులను అనుబంధ పట్టికలో చెప్పింది. తరగతి గదులు, మరుగుదొడ్లు, తాగునీరు, వంటగదితో పాటు ఆటస్థలమూ ఆ పట్టికలో ఉంది. దాని వెంటనే ప్రహరీ ఉంది. అన్నీ మూడేళ్లలో సమకూర్చాలని 19వ సెక్షన్ గడువు పెట్టింది. ఆవరణలో ఆటస్థలం లేని బడికి దగ్గర్లోని మైదానంలోనో, మునిసిపల్ పార్కులోనో ఏర్పాటు చేయాలని కేంద్రం 2012 జనవరిలో మార్గదర్శకాలూ ఇచ్చింది. కానీ ఆటస్థలం ఎంత ఉండాలో ఆ పట్టిక చెప్పదు. ఉన్నదాన్ని తీసేసుకుంటే ఏం చేయాలో అసలే చెప్పదు. ఆచరణలో ఏమైందో మన రెండు రాష్ట్రాల పెద్ద పథకాలే చూపిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు-నేడు తొలి విడతలో 15,715 బడులను బాగుచేయడానికి పూనుకుంది. తెలంగాణలో 2022లో వచ్చిన మన ఊరు-మన బడి పన్నెండు అంశాలను ఎంచుకుంది. మరుగుదొడ్లు, నీళ్లు, కరెంటు, బల్లలు, రంగులు, పచ్చబోర్డులు, అన్నీ కావలసినవే. రెండు జాబితాల్లోనూ ప్రహరీ ఉంది, రెండింటిలోనూ ఆటస్థలం లేదు. కేంద్ర చట్టంలో పక్కపక్కనే ఉన్న రెండింట్లో గోడకు నిధులొచ్చాయి, ఆ గోడ కాపాడాల్సిన నేలకు రాలేదు.

రాతపూర్వకమైన రక్షణ లేనప్పుడు ఏం జరుగుతుందో ఆంధ్రప్రదేశ్ చూసింది. ప్రభుత్వ బడుల ఆవరణల్లో గ్రామ సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు కట్టవద్దని 2020లో హైకోర్టు ఆదేశించింది. అయినా పనులు ఆగలేదు. చివరికి 2022 మార్చి 31న ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులను కోర్టు ధిక్కారం కింద దోషులుగా తేల్చి, రెండు వారాల జైలు విధించింది. వాళ్లు క్షమాపణ చెప్పాక, ఏడాదిపాటు నెలకోసారి సంక్షేమ హాస్టళ్లకు వెళ్లి సేవ చేయాలని ఆ శిక్షను మార్చింది. ఇది మన రెండు రాష్ట్రాలకే పరిమితమైన జబ్బు కాదు. హరియాణాలో యమునానగర్ జిల్లా భగవాన్‌పూర్ బడి స్థలాన్ని ఆక్రమించుకున్నవాళ్లు మార్కెట్ ధర చెల్లించి దాన్ని ఉంచుకోవచ్చన్నట్టుగా అక్కడి హైకోర్టు తీర్పిస్తే, ఆటస్థలం లేని బడి ఉండరాదంటూ 2023లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కేరళలో ఒక ప్రాథమిక పాఠశాల మైదానంలో నీళ్ల ట్యాంకు కట్టబోతే వివాదం హైకోర్టుకు ఎక్కింది. బడులకు ఎంత ఆటస్థలం ఉండాలో నిర్ణయించాలని 2024లో ఆ కోర్టు ప్రభుత్వానికి చెప్పాల్సి వచ్చింది. తీర్పులు పిల్లల పక్షానే వచ్చాయి. కానీ కోర్టు మెట్లెక్కేసరికి పునాది లేస్తుంది, తీర్పు వచ్చేసరికి శ్లాబు పడుతుంది, ఆరో తరగతి పిల్లవాడు పదో తరగతి దాటిపోతాడు. వకీలును పెట్టుకుని హైకోర్టుదాకా వెళ్లే స్తోమత ఎన్ని ఊళ్ల తల్లిదండ్రులకు ఉంటుంది?

జీవోతో సరిపెట్టవచ్చు కదా అనే మాట కూడా నిలవదు. ఒక ప్రభుత్వం ఇచ్చిన జీవోను తర్వాతి ప్రభుత్వం ఒక్క సంతకంతో మారుస్తుంది. పంచాయతీ ఆస్తుల రక్షణకు 2011లో వచ్చిన జీవో 188 నిబంధనలున్నాయి, హైదరాబాద్‌లో ఇప్పుడు ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఉంది. అవి ప్రధానంగా ప్రైవేటు ఆక్రమణదారుణ్ని దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. బడి ఆటస్థలం విషయంలో తరచుగా ఆక్రమించేది సర్కారే. సర్కారు చేతిని పట్టుకోవాలంటే శాసనసభ చేసిన చట్టమే కావాలి. పార్కులు, ఆటస్థలాల రక్షణకు తమిళనాడు 1959లోనే, కర్ణాటక 1985లో చట్టాలు చేసుకున్నాయి. ఇంగ్లండులో 1998 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ బడి ఆటస్థలాన్ని వదిలించుకోవాలంటే మంత్రి స్థాయిలో అనుమతి కావాలి. మన చట్టంలో ఉండాల్సినవి నాలుగు ముక్కల్లో చెప్పవచ్చు. ప్రతి సర్కారు బడి స్థలాన్నీ సర్వే చేసి, హద్దురాళ్లు పాతి, రెవెన్యూ రికార్డుల్లో బడి పేర ఎక్కించాలి. మళ్లింపు తప్పనిసరైతే గ్రామసభ ఆమోదంతో పాటు, నడిచి వెళ్లేంత దూరంలో అంతే విస్తీర్ణం ముందుగా చూపించాలి. విద్యార్థులు లేరని మూసేసిన బడి నేలకూ ఇదే రక్షణ వర్తించాలి. ఉల్లంఘిస్తే, పనికి ఉత్తర్వు ఇచ్చిన అధికారే జవాబుదారీ కావాలి. మొదటిదే అన్నిటికన్నా అత్యవసరం. దాత నోటిమాటగా ఇచ్చిన నేల ఇంకా ఆయన పట్టాలోనే ఉండిపోతే, వారసులు వచ్చి అడిగిన రోజు చూపించడానికి హెడ్మాస్టరు చేతిలో కాగితం ముక్క ఉండదు.

ఇక అందుబాటు సంగతి. సాయంత్రం చివరి గంట మోగగానే గేటుకు తాళం పడుతుంది. పెద్ద మగపిల్లలు గోడ దూకి లోపలికి వెళ్లి క్రికెట్ ఆడతారు. చిన్నపిల్లలు దూకలేరు, ఆడపిల్లలను దూకనివ్వరు. తాళం వేయడం వల్ల మైదానం ఖాళీగా ఉండటం లేదు, బలమున్నవాళ్ల పాలవుతోంది. ఆవరణ లేని అద్దె భవనంలో, మూడో అంతస్తులో చదువుకునే ప్రైవేటు బడి పిల్లలకూ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క పెద్ద మైదానం సర్కారు బడిదే. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున అరవై నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంట ఎక్కడ గడపాలో చెప్పాల్సింది మన ప్రభుత్వాలే. బోధన లేని వేళల్లో బడి వసతులను సమాజానికి వాడవచ్చని 2020 జాతీయ విద్యావిధానం కూడా అంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ప్రభుత్వ బడుల ఆవరణలను ప్రజల వాడకానికి ఇవ్వాలని చట్టమే ఉంది.

దీనికి ఉపాధ్యాయుల నుంచి వచ్చే అభ్యంతరం బలమైనది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. గేటు తెరిస్తే తెల్లారేసరికి వరండాలో మందు సీసాలు దొర్లుతాయి, కుళాయిలు విరుగుతాయి, కిటికీలు పగులుతాయి, ఎవరికైనా దెబ్బ తగిలితే హెడ్మాస్టరు మెడకు చుట్టుకుంటుంది. ఈ భయం అనుభవంలోంచి వచ్చిందే. అయితే ఇవన్నీ తాళం ఉన్నప్పుడూ జరుగుతున్నవే. చట్టం చేయాల్సింది బాధ్యతను మార్చడం. బడి వేళలు ముగిశాక మైదానం పంచాయతీ లేదా మునిసిపాలిటీ అధీనంలోకి వెళ్లాలి, చీకటి పడే వేళకు మూయాలి. కాపలా జీతం, శుభ్రత, మరమ్మతు వాళ్ల బడ్జెట్‌లో ఉండాలి. ఆ వేళల్లో జరిగినదానికి హెడ్మాస్టరును బాధ్యుణ్ని చేయరాదని చట్టంలోనే రాయాలి. భవనానికీ మైదానానికీ మధ్య కంచె, మైదానానికి విడిగా ఒక గేటు పెడితే తరగతి గదులు, వంటగది భద్రంగా ఉంటాయి. తెరవడం పిల్లల ఆటకే తప్ప పెళ్లి పందిళ్లకూ, ఎగ్జిబిషన్లకూ, రాజకీయ సభలకూ కాదని కూడా స్పష్టంగా ఉండాలి. లేకపోతే అందుబాటు పేరుతో అద్దె వ్యాపారం మొదలవుతుంది.

రెండో అభ్యంతరం భూమి కొరత. ఆరోగ్య కేంద్రమూ ప్రజలదే, దానికి చోటెక్కడిది అని అడుగుతారు. ఆరోగ్య కేంద్రం అవసరాన్ని ఎవరూ కాదనరు. కానీ దానికి స్థలం కొనడానికి ఖజానాకు దారి ఉంది, కావాలంటే పై అంతస్తు వేసుకోవచ్చు. కబడ్డీ కోర్టును మేడ మీద వేయలేం. ఆటస్థలం ఉచితమనే లెక్క మారి, తీసుకుంటే బదులు భూమి ఇవ్వాలనే షరతు వస్తే, అధికారులు ఊళ్లో మిగతా పోరంబోకు జాగాలను వెతకడం మొదలుపెడతారు. చట్టం అసలు ప్రయోజనం అదే. అత్యవసరంగా ఆసుపత్రి కావాల్సిన ఊరికి అది అడ్డుపడదు, ఆ ఖర్చును పిల్లల మీద కాకుండా ప్రభుత్వం మీద పెడుతుందంతే.

విద్య ఉమ్మడి జాబితాలో ఉంది, భూమి, స్థానిక సంస్థలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఢిల్లీ వైపు చూడాల్సిన పని లేదు. శాసనసభ ముందుకు బిల్లు వచ్చేలోపు చేయగలిగిందీ ఉంది. ప్రతి గ్రామసభలో, ప్రతి మునిసిపల్ సమావేశంలో తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు అడగవచ్చు: మన బడి సర్వే నంబరు ఎంత, విస్తీర్ణం ఎంత, అది ఎవరి పేర ఉంది? జవాబును తీర్మానంగా రాయించి ఎమ్మెల్యే చేతికివ్వాలి. ఓటు లేని పిల్లల తరఫున ఓటున్న పెద్దలు అడగకపోతే ఈ బిల్లు ఎప్పటికీ రాదు.