కంటికురుపు: గిల్లకండి, కాపడం పెట్టండి

ఈసారి మన శీర్షికలో గోధుమగింజంత విషయం. రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉన్న కన్ను తెల్లారేసరికి బరువెక్కుతుంది. అద్దంలో చూస్తే రెప్ప అంచున ఎర్రటి పొక్కు. ముట్టుకుంటే సలుపు. పిల్లవాడు స్కూలుకి వెళ్ళనంటాడు, అమ్మ ఊరికి ఫోన్ చేస్తుంది.

సింగపూర్‌లో ఈ చిన్న కురుపుకి నాలుగు పేర్లు వినిపిస్తాయి. ఇంగ్లీషులో స్టై, తమిళంలో కణ్‌కట్టి, మలయ్‌లో కెటుంబిట్, చైనీస్‌లో ఝెన్‌యన్, అంటే సూదికన్ను. ఎవరినైనా దొంగచాటుగా తొంగిచూస్తే ఇది వస్తుందని చైనీయుల్లోనూ, మలయ్ వాళ్ళలోనూ ఒక పాత నమ్మకం. కన్ను వాచి ఆఫీసుకి వెళితే పక్క సీటు వాళ్ళు మనల్ని చూసి ముసిముసిగా నవ్వేది అందుకే! మన ఇళ్ళలో మాత్రం నేరం మామిడిపండు మీదికి పోతుంది. "వేడి చేసిందిరా, మజ్జిగ తాగు" అంటుంది అమ్మమ్మ.

మజ్జిగ మంచిదే, తాగండి. కానీ ఇందులో మామిడిపండు తప్పేమీ లేదు. మన రెప్పల్లో వరసగా నూనె గ్రంథులు ఉంటాయి, పైరెప్పలో సుమారు 25 నుంచి 40, కిందిరెప్పలో 20 నుంచి 30. 1666లో వీటిని వివరించిన జర్మన్ వైద్యుడు మైబోమ్ పేరుమీద వీటిని మైబోమియన్ గ్రంథులంటారు. రెప్ప వేసినప్పుడల్లా ఇవి కొంచెం నూనె వదులుతాయి. అది కన్నీటి మీద పలచగా పరుచుకుని కన్ను ఎండిపోకుండా చూస్తుంది. రెప్పవెంట్రుకల మొదళ్ళలో ఇంకా చిన్న గ్రంథులున్నాయి. వీటిలో దేని నోరైనా మూసుకుపోయి, లోపల బాక్టీరియా పెరిగి చీము పడితే అదే కంటికురుపు. ఎక్కువసార్లు కారణం స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. అదేదో బయటినుంచి ఊడిపడేది కాదు, చాలామంది ముక్కులో, చర్మం మీద మామూలుగానే కాపురం ఉంటుంది. పిల్లలూ, ముక్కులో పెట్టిన వేలు కంట్లో పెట్టుకోవద్దని అమ్మ ఎందుకంటుందో ఇప్పుడు తెలిసిందా?

మన ఊళ్ళలో ఇంకో చిట్కా ఉంది. చూపుడువేలిని అరచేతిలో గట్టిగా రుద్ది, ఆ వెచ్చదనాన్ని కురుపుకి అద్దడం. నన్నడిగితే ఈ చిట్కాలో సగం సరైనదే. వేడి సరైనది, వేలు కాదు. మూసుకున్న గ్రంథిలో నూనె గట్టిపడి ఉంటుంది, వెచ్చదనానికి అది కరిగి దారి ఇస్తుంది. ఉమ్మి రాయడం, చనుబాలు వేయడం, లవంగం అరగదీసి పెట్టడం మాత్రం మానేయాలి. లవంగం ఘాటు కంట్లోకి దిగితే కురుపుకంటే పెద్ద బాధ.

కాపడం ఇలా పెట్టండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. శుభ్రమైన మెత్తటి గుడ్డను వేడినీళ్ళలో ముంచి పిండి, పసిపిల్లల పాలసీసా చూసినట్టు ముంజేతి లోపలివైపు ఆనించి చూడండి. హాయిగా అనిపిస్తే సరిపోయినట్టే. మూసిన కంటిమీద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచాలి. గుడ్డ ఒకటి రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ ముంచాలి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. రోజుకి మూడు నాలుగుసార్లు చేయాలి. మైక్రోవేవ్‌లో వేడిచేసిన తడిగుడ్డ నేరుగా పిల్లల కంటిమీద పెట్టకండి, రెప్ప చర్మం చాలా పలచన, కాలుతుంది. ఆ గుడ్డ, తువ్వాలు ఇంకెవరూ వాడకూడదు. ఎక్కువ కురుపులు ఒకటి రెండు వారాల్లో వాటంతటవే చితికి తగ్గిపోతాయి. ఒక మాట దాచకుండా చెప్పాలి. వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2010లో రెప్ప లోపలి కురుపుల మీద వెదికితే, కాపడమైనా, చుక్కలమందైనా పనిచేస్తుందని తేల్చే సరైన ప్రయోగం ఒక్కటీ దొరకలేదు. డాక్టర్లు కాపడం చెప్పేది అనుభవంతోనూ, దానివల్ల నష్టం లేదు కాబట్టీ.

గిల్లడం, నొక్కి చీము తీయడం, సూదితో పొడవడం మాత్రం వద్దే వద్దు. చీము లోపలికి పాకితే రెప్ప మొత్తం వాస్తుంది. నొప్పి తగ్గాక ఒక్కోసారి రెప్పలో శనగగింజలాంటి గట్టి గడ్డ మిగిలిపోతుంది, దాన్ని కలేజియన్ అంటారు. అది నెలలు గడిచినా పోకపోతే డాక్టరు చిన్న కోత పెట్టి తీస్తారు. పెద్దలకి రెప్పకు మాత్రమే మత్తిస్తే సరిపోతుంది, చిన్నపిల్లలకి తరచు పూర్తి మత్తు ఇవ్వాల్సివస్తుంది. అందుకే కాపడం పెట్టడంలో బద్ధకం వద్దంటున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. సెలవులకి ఇండియా వెళ్ళివచ్చేటప్పుడు మన సూట్‌కేసుల్లో ఆవకాయతోపాటు మందుల డబ్బా ఒకటి వస్తుంది. అందులో ఒక కంటిచుక్కల సీసా తప్పకుండా ఉంటుంది. పోయిన ఏడాది బావగారి కళ్ళకలకకి కొన్నది, సగం మిగిలింది. కన్ను ఎర్రగా ఉంటే చాలు, ఆ చుక్కలు వేసేస్తాం. ఈ సీసాల్లో చాలావాటిలో యాంటీబయాటిక్‌తోపాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. వేసిన రోజే ఎరుపు తగ్గుతుంది కాబట్టి అద్భుతమైన మందనిపిస్తుంది. కానీ డాక్టరు చూడకుండా వారాల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి గ్లాకోమాకి, లేదా శుక్లానికి దారితీయవచ్చు. గ్లాకోమాలో పోయిన చూపు తిరిగిరాదు. పిల్లల కళ్ళలో ఈ ఒత్తిడి త్వరగా పెరగవచ్చు, వాళ్ళు అది చెప్పలేరు కూడా. ఈ శనివారం మీ డబ్బా ఒకసారి తెరవండి. సీసామీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథసోన్ అనే పేర్లుంటే పక్కన పెట్టి డాక్టరుని అడగండి. మూత తీసి నాలుగు వారాలు దాటినవి మామూలుగా పారేయాల్సినవే. నేను కంప్యూటర్లవాణ్ణి, డాక్టర్ని కాను. కానీ లేబుల్ చదవడానికి డాక్టరు కానక్కర్లేదు కదా!

రెండు రోజులు కాపడం పెట్టినా వాపు పెరుగుతూనే ఉంటే దగ్గర్లోని క్లినిక్‌కో, పాలీక్లినిక్‌కో వెళ్ళండి. రెప్ప మొత్తం వాచి కన్ను తెరుచుకోకపోయినా, జ్వరం వచ్చినా, కన్ను కదిపితే నొప్పి పుట్టినా, చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, కనుగుడ్డు ముందుకు పొడుచుకొచ్చినట్టున్నా రేపటిదాకా ఆగకండి. ఇన్ఫెక్షన్ కంటి గూటిలోకి పాకిందేమో చూడాలి. పిల్లలకైతే కేకే ఆసుపత్రిలో పిల్లల ఎమర్జెన్సీ 24 గంటలూ ఉంటుంది.

కురుపు మాటిమాటికీ వస్తుంటే రెప్పల అంచున చుండ్రులాంటి పొట్టు ఉందేమో చూపించుకోండి, షుగర్ పరీక్ష కూడా చేయించండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఒకేచోట పదేపదే వచ్చే కురుపుని "ఏముందిలే" అని వదిలేయకండి. పెద్ద వయసులో అలాంటిది అరుదుగా రెప్ప కాన్సర్ కావచ్చు. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే తేలిపోతుంది. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు కురుపు తగ్గేదాకా కళ్ళద్దాలకి మారాలి. లెన్సుల శుభ్రత ఎంత ముఖ్యమో 2005, 2006లలో సింగపూర్ చూసింది. లెన్సులు పెట్టుకునే 66 మందికి ఇక్కడ ఫ్యుసేరియం అనే బూజువల్ల నల్లగుడ్డు మీద పుండ్లు పడ్డాయి. చాలామంది వాడిన ఒక లెన్సుల ద్రావణాన్ని 2006 మేలో కంపెనీ ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది.

చివరిగా మన ఉగాది వేదిక వెనక సంగతి. ఇరవైమంది పిల్లలు కూచిపూడి వేషాల్లో వరసగా నిలబడతారు, ఒకే కాటుక పెన్సిల్ ఇరవై జతల కళ్ళమీద నడుస్తుంది. ఒక రెప్పమీది బాక్టీరియా ఇంకో రెప్పకి చేరడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. ఎవరి కాటుక వాళ్ళ పేరు రాసిన సంచీలో తెచ్చుకుంటే సరి. రెప్ప లోపలి అంచుకి కాటుక రుద్దకండి, నూనె గ్రంథుల నోళ్ళు అక్కడే ఉంటాయి. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని సుర్మా, కాటుక అసలే వద్దు. అలాంటి కొన్నింటిలో సీసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. కురుపున్న పిల్లకి ఆ రోజు కంటి మేకప్ లేకుండానే డాన్సు చేయించండి. ఇంకొకటి, కార్యక్రమం అయ్యేసరికి రాత్రి పదవుతుంది, పిల్లలు ఎంఆర్‌టీ ఎక్కగానే నిద్రపోతారు, ఇంటికెళ్ళాక లేపాలంటే జాలేస్తుంది. కాబట్టి హాలు నుంచి బయల్దేరే ముందే కాటుక తుడిచేసి మొహం కడిగించండి.