ఉప్పుగాలిలో పటం

బొమ్మకు పటం కట్టించాలంటే గోడ రంగేమిటి, సోఫాకు నప్పుతుందా అని చూసుకోవడం మనకు అలవాటు. విశాఖపట్నంలోని మల్కాపురం లాంటి చోట ముందు చూసుకోవలసింది గాలి. ఓ పక్క ఓడరేవు, షిప్‌యార్డు, మరో పక్క చమురు శుద్ధి కర్మాగారం. గాలిలో తేమ ఏడాదిలో ఎక్కువ రోజులు 70 శాతం చుట్టుపక్కలే ఉంటుంది. కాగితానికీ గుడ్డకూ 50 శాతం దరిదాపుల తేమ మేలని మ్యూజియంల వాళ్లంటారు. 65 దాటి అక్కడే నిలిచిపోతే బూజు పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు. అందుకే ఫ్రేముకు పెట్టే డబ్బులో పెద్ద వాటా కంటికి కనబడని లోపలి భాగానికే పోవాలంటాను.

మామూలుగా కట్టించిన పాత పటం ఒకటి దించి తిప్పి చూడండి. వెనక హార్డ్‌బోర్డు, చుట్టూ తుప్పెక్కిన సన్న మేకులు, ముందు అద్దానికి అంటుకుపోయిన బొమ్మ. అద్దం లోపలి వైపు చెమ్మ చేరిందంటే రంగు దానికే అతుక్కుంటుంది, ఊడదీస్తే పెచ్చులుగా లేస్తుంది. బొమ్మ చుట్టూ వేసే మౌంటు అట్టను అలంకారం అనుకుంటాం గానీ, అద్దానికీ కాగితానికీ మధ్య ఎడం ఉంచడమే దాని అసలు పని. ఆ అట్ట నాసిరకమైతే అందులోని ఆమ్లం కొన్నేళ్లకు బొమ్మ అంచున గోధుమరంగు గీతలా దిగుతుంది. ఆమ్లం లేని అట్ట అడగాలి. వెనక సందులన్నీ కాగితం టేపుతో మూయించాలి. కింది మూలల్లో చిన్న రబ్బరు బిళ్లలు అతికిస్తే గోడ చెమ్మ పటానికి ఎక్కదు. చట్రానికి బాగా ఆరిన టేకు శ్రేష్ఠం. ఎండీఎఫ్ తేమకు మూలల్లో ఉబ్బుతుంది. చిన్న బొమ్మలకైతే చెదలు ముట్టని సింథటిక్ చట్రాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు.

మన కళలకు ఈ జాగ్రత్త మరీ అవసరం. చేర్యాల నకాషీ పటం గుడ్డకు చింతగింజల జిగురు పూత ఉంటుంది; బూజుకూ పురుగుకూ అది విందే. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసే కసిమి అనే ద్రవంతో గీసేది. ఆ ఇనుమే ఏళ్లు గడిచేకొద్దీ నూలును పెళుసు చేస్తుంది. అలాంటి గుడ్డను ఫెవికాల్‌తో ప్లైవుడ్‌కు అంటించేస్తే ఇక బాగుచేయడానికి దారే ఉండదు. నూలు బట్ట చుట్టిన అట్టకు దారంతో కుట్టించాలి, ఎండ పడని గోడకు తగిలించాలి.

ఇదంతా ఖర్చు కదా అంటారు. చట్రం ధర అడుగుల లెక్కన ఉంటుంది. నగిషీల బంగారు అంచు మానుకుని సాదాది తీసుకుంటే మిగిలేది అట్టకు సరిపోవచ్చు. బంగారు అంచు లేకపోతే నిండుదనం ఏదీ అన్నది రెండో మాట. 1870ల చివర్లోనే ఫ్రాన్సులో పిస్సారో, దెగా అనే చిత్రకారులు తమ చిత్రాలను తెల్ల చట్రాల్లో ప్రదర్శించారు, బంగారం రంగుల్ని మింగేస్తుందని. కాన్వాసు మీది తైలవర్ణ చిత్రానికైతే అద్దమూ అక్కర్లేదు, వెనక దుమ్ము పడకుండా చూస్తే చాలు. పాడైతే మరొకటి కొనుక్కుంటాం అనేవారి మాట బజారు ప్రింట్ల వరకు నిజమే, వాటికి ఏ పటమైనా ఒకటే. పాత చందమామ నుంచి దాచుకున్న వడ్డాది పాపయ్య ముఖచిత్రానికీ, పిల్లలు గీసిచ్చిన బొమ్మకూ ఆ మాట చెల్లదు. ఆ రెండూ ఏ బజార్లోనూ మళ్లీ దొరకవు.