సైన్సు ఫోన్లో ఉంటే చాలదు, రచ్చబండకు రావాలి

కాఫీ కాయ తొలుచు పురుగు మన దేశంలో మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరు ప్రాంతంలో కనబడింది. 2025లో మన అరకు తోటల్లో బయటపడింది. మధ్యలో 35 ఏళ్లు గడిచాయి. ఆ పురుగు మీద ఎంతో పరిశోధన జరిగింది, ఎన్నో వ్యాసాలు వచ్చాయి. వాటిలో తెలుగులో సీలేరు, డొంకరాయి కొండల రైతు చేతికి అందినవెన్ని?

ఆడ పురుగు కాయ కొన దగ్గర చిల్లు పెట్టి గింజలో గుడ్లు పెడుతుంది. చెట్టు మీద మిగిలిన కాయల్లో, రాలిన కాయల్లో దాక్కుని మరుసటి పంటకు పాకుతుంది. అందుకే కోత అయ్యాక ఒక్క కాయ మిగలకుండా ఏరాలి. ఇది ఒక్క రైతుకు తెలిస్తే సరిపోదు. పక్క తోటలో కాయలు వదిలేస్తే ఇతని కష్టమంతా వృథా.

ఫోన్లలో సైన్సు వ్యాసాలు పంపుకుంటున్నాం, మంచిదే. వచ్చినదాన్ని పదిమందీ కూర్చుని చదవాలి. మన వాలు నేలలో ఇది కుదురుతుందా, కాయ ఏరే కూలి ఎవరిస్తారు అని అడగాలి. మందుల ప్రకటన ఏదో, పరీక్షకు నిలిచిన మాట ఏదో అక్కడే తేలుతుంది. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక సైన్సును జనం మధ్యకు తెచ్చింది ఇందుకే.

చింతపల్లి పరిశోధన స్థానం, కాఫీ బోర్డు తమ ఫలితాలను తేలిక తెలుగులో ఊరూరా అందించాలని, రైతుల ప్రశ్నలకు జవాబివ్వాలని మేం డిమాండ్ చేస్తున్నాం. మన సంఘం శాఖలు కూడా నెలకొక వ్యాసం చదివి చర్చ పెట్టాలి.