విజ్ఞాన వీచిక: బొద్దింక వంశవృక్షం

బొద్దింక 30 కోట్ల సంవత్సరాలుగా ఏమీ మారలేదన్న మాట పిల్లల పుస్తకాల్లో తరచు కనిపిస్తుంది. వాళ్ళు వచ్చి మనల్ని అడుగుతారు కూడా. అందులో సగమే నిజమని ఈ నెల మనవి చేయదలచుకొన్నాము.

ఇల్లినాయ్ రాష్ట్రంలో మేజన్ క్రీక్ దగ్గర బొగ్గు గనుల ప్రాంతంలో ఒక రకం రాతి ఉండలు దొరుకుతాయి. పగలగొడితే కొన్నింటిలో సుమారు 31 కోట్ల సంవత్సరాల నాటి పురుగుల అచ్చులుంటాయి. బల్లపరుపు ఒళ్ళు, తలమీద డాలు, వీపుమీద మడిచిన రెక్కలు చూస్తే కొన్ని అచ్చం బొద్దింకలే. కాని ఆనాటి ఆడపురుగులకు గుడ్లు దించటానికి వెనుక పొడవైన గొట్టం ఉండేది. నేటి బొద్దింకకు అది పైకి కనిపించదు. అది గుడ్లను గట్టి తిత్తిలో వరుసగా పేర్చుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు ఆ పాతవాటిని అసలు బొద్దింకలనరు. బొద్దింకలకూ, ప్రేయింగ్ మాంటిస్‌లకూ ఉమ్మడి పూర్వీకుల కోవలో చేరుస్తారు. గుడ్ల తిత్తి మోస్తున్న బొద్దింక శిలాజం చైనాలోని ఈషియన్ శిలల్లో దొరికింది. దాని వయస్సు సుమారు 12.5 కోట్ల సంవత్సరాలే.

ఈ వంశంలో మరొక చుట్టం చెదపురుగు. చెదలు వేరే వర్గం కావనీ, గుంపుగా బతకటం నేర్చిన బొద్దింకలేననీ 2007లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఎ. పోల్చి తేల్చారు. ఎపలేచియన్ కొండల్లో పుచ్చిన దుంగల్లో కాపురముండే ఒక బొద్దింక వీటికి బాగా దగ్గర. తల్లీ తండ్రీ కలిసి పిల్లల్ని సాకుతాయి. కట్టెను అరిగించే సూక్ష్మజీవులు తలిదండ్రుల నుంచే పిల్లల కడుపులోకి చేరాలి. లేకపోతే వాటికి తిండి ఒంటబట్టదు.

ఇక మన వంటిళ్ళలో తిరిగే చిన్న బొద్దింక. లినేయస్ 1767లో దానికి జర్మనీ పేరు పెట్టాడు. 17 దేశాల బొద్దింకలను పరీక్షించి 2024లో ప్రకటించిన ఫలితం వేరు. సుమారు 2,100 సంవత్సరాల క్రితం ఇండియాలోనో, బర్మాలోనో పొలాల్లోని ఆసియా బొద్దింక నుంచి విడివడి, మనుషుల ఇళ్ళలో చేరిందట. యూరప్‌కు వెళ్ళి 300 ఏళ్ళయినా కాలేదు.

పిల్లలు మళ్ళీ అడిగితే, ఒంటి తీరు పాతదే గాని బతికే తీరు చాలాసార్లు మారిందని చెప్పవచ్చు. సింకు కింద కనిపించే ఆ "జర్మన్" పుట్టిల్లు మనవైపేనని కూడా చెప్పండి.