చోళ్లు మనవే, కుండ మాత్రం మనది కాదా?

నర్సీపట్నం చుట్టుపక్కల చెరకు వేసే రైతుకీ, పైన చింతపల్లి, కొయ్యూరు కొండల్లో చోళ్లు వేసే రైతుకీ ఒకే చిక్కు. పంట పండించేదాకా అది మనది. దాన్ని ఇంట్లో ఇంకో సరుకుగా మార్చబోతే మాత్రం అనుమానం మొదలవుతుంది. బెల్లం రంగు కాస్త నల్లబడితే చాలు, సారాకే తీసుకెళ్తున్నావని బండి ఆపుతారు. చోళ్లు కుండలో పులిస్తే కేసు. అదే గింజ పెద్ద కంపెనీ ట్యాంకులో పులిస్తే అది పరిశ్రమ, దానికి రాయితీలు. ఈ తేడా ఎందుకని మేం అడుగుతున్నాం.

2025-26కి కేంద్రం చోళ్లకి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 4,886 రూపాయలు. అంటే కిలోకి 49 రూపాయలు కూడా లేదు. అదైనా ఎంతమందికి అందుతోందో మనకి తెలుసు. ఆ చోళ్లనే మొలకెత్తించి పిండి పట్టి డబ్బాలో పోస్తే పట్నం కొట్లో దాని ధర ఎన్ని రెట్లు ఉంటుందో చూడండి. బెంగళూరు, హైదరాబాదుల్లో హోటల్లోనే బీరు కాచి అమ్మే చోట్లున్నాయి. అక్కడ ఒక్క గ్లాసుకి తీసుకునే డబ్బుతో మన దగ్గర ఎన్ని కిలోల చోళ్లు వస్తాయో లెక్క వేసుకోండి. గింజకీ గ్లాసుకీ మధ్య జరిగే పని చాలా పాతది. మన ఇళ్లలో ఆడవాళ్లకి అందులో సగం ఇప్పటికే వచ్చు.

ఆ పని ఏమిటో చెప్తాం. చోళ్లు ఒక రాత్రి నానబెట్టి, నీళ్లు వంచి, తడిగుడ్డలో మూట కడితే రెండు మూడు రోజుల్లో మొలకలొస్తాయి. మొలక వచ్చేటప్పుడు గింజలో ఎంజైములు పుడతాయి. గింజలోని పిండిని చక్కెరగా మార్చేవి అవే. మొలకల్ని ఎండబెట్టి, నలిపి, చెరిగి, పిండి పడితే అదే మాల్ట్. గట్టిగా వేయిస్తే కమ్మటి వాసన వస్తుంది గానీ ఎంజైములు చచ్చిపోతాయి. తాగే జావకి వేయించినా ఫరవాలేదు, కానీ పిండి చక్కెరగా మారాలంటే వేయించకూడదు.

నమ్మకం లేకపోతే ఇంట్లోనే చూడండి. చిక్కటి అంబలి కాచి దించండి. మరుగు తగ్గి ఇంకా బాగా వేడిగా ఉన్నప్పుడే వేయించని మొలకల పిండి రెండు చెంచాలు కలపండి. కాసేపటికి అంబలి పల్చబడి తియ్యబడుతుంది. బీరు కాచేవాళ్లు చేసేదీ ఇదే. మాల్టుని సుమారు 65 డిగ్రీల నీళ్లలో ఒక గంట ఉంచుతారు, తీపి రసం వడగడతారు, మరిగించి చల్లార్చి ఈస్ట్ వేస్తారు. దీనికి ఒకప్పుడు మూడు పెద్ద గిన్నెలు కావాలనేవారు. ఆస్ట్రేలియాలో ఇంట్లో కాచుకునేవాళ్లు ఒక పెద్ద గిన్నె, ఒక గుడ్డ సంచితో ఆ పని తేల్చేశారు. సంచిలో పిండి పోసి నానబెట్టి సంచి ఎత్తేస్తే అడుగున రసం మిగులుతుంది. పది అడుగుల వంటగదిలో గ్యాస్ పొయ్యి మీద అయ్యే పని.

బెల్లపు ఊటకి ఈ శ్రమ అక్కర్లేదు, అందులో తీపి ముందే సిద్ధంగా ఉంటుంది. అందుకే సారా బట్టీల వాళ్లకి బెల్లం కావాలి. గింజతో చేస్తే మొలక కట్టడం అనే మెట్టు ఒకటి ఎక్కువ. రైతుకి నాలుగు డబ్బులు ఎక్కువ రాగలిగేది ఆ మెట్టు దగ్గరే.

ఇది మనకి కొత్త సంగతేమీ కాదు. కొరాపుట్, బస్తర్ కొండల్లో ధాన్యంతో కాచే లందా ఉంది. సిక్కిం, నేపాల్ కొండల్లో చోళ్లనే పులియబెట్టి తాగుతారు. కెన్యాలో బుసా కూడా అలాంటిదే. మన కొండల్లో ఇంటి కుండ మీద సర్కారు పడితే ఏమైందో చరిత్ర చెప్తుంది. 1879లో ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం కూడా నేరమని చెప్పి, ఆ హక్కుని కాంట్రాక్టర్లకి అప్పగించారు. దానికి తోడు మన్సబుదారు వేసిన చిగురు పన్ను. రంప పితూరీ రగిలింది అక్కడే. నెలలు తిరక్కుండానే అది మన గొలుగొండ కొండలకీ పాకింది. ఆ తిరుగుబాటుకి పోలీసుల జులుం, షావుకార్ల దోపిడీ కూడా కారణాలే. కానీ ముందు రాజుకున్నది కుండ దగ్గరే.

మా సంఘంలో అక్కచెల్లెళ్లు ఒక ప్రశ్న వేశారు: "తాగుడు వల్ల కొంపలు గుల్లవుతుంటే మళ్లీ ఇంట్లోనే కాచుకోమంటారా?" దాన్ని మేం కొట్టిపారెయ్యం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం వల్లే 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ పోరాటం మనది. కానీ వాళ్లు పోరాడింది ప్రభుత్వం వేలం పాటలు పెట్టి ఊరూరా అమ్మించిన సారా మీద. బట్టీ పెట్టి దించే సారా ఒకటి, పులిసిన గింజ నీళ్లు ఇంకొకటి. వాటి ఘాటుకి పోలికే లేదు. కల్తీ సారాలో మనుషుల్ని చంపేది ఫ్యాక్టరీల నుంచి వచ్చే మిథైల్ ఆల్కహాల్. అయినా తాగుడు తాగుడే, కుండలోది కూడా మితిమీరితే చెడుపే. అందుకే అమ్మకానికి అనుమతి మేం అడగడం లేదు. మద్యం షాపు ఖజానాకి లాభమని దాన్ని పెంచుతూ, కుండని మాత్రం నేరమంటే ఒప్పుకోం.

వేరే చోట్ల ఈ తేడా చూశారు. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసులు సొంత వాడకానికి 5 లీటర్ల వరకు ఉంచుకోవచ్చు. బ్రిటన్‌లో 1963లో ఇంటి బీరుకి లైసెన్సు తీసేశారు. అమెరికాలో 1978 చట్టం ఒక పెద్ద మనిషికి ఏడాదికి 100 గ్యాలన్లు, అంటే సుమారు 378 లీటర్లు, పన్ను లేకుండా ఇంటికి కాచుకోనిచ్చింది. అమ్మడానికి మాత్రం వీల్లేదు. మన దేశంలోనే 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల మీద నియంత్రణ గ్రామసభల చేతికి రావాలని చెప్పింది. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే ఆ చట్టం ఉన్న ప్రాంతమే. కాగితం మీద ఉన్న హక్కు గ్రామసభ తీర్మానంగా ఎప్పుడు మారుతుంది?

మా డిమాండ్లు ఇవి. ఒకటి, షెడ్యూల్డ్ గ్రామాల్లో ఇంటి అవసరానికి ధాన్యంతో, చెట్టు కల్లుతో చేసుకునే పానీయాల సంగతి గ్రామసభే తేల్చాలి, వద్దన్నా కావాలన్నా ఆ మాటే చెల్లాలి. ఆ సభలో ఆడవాళ్ల మాట వినకుండా తీర్మానం రాయకూడదు. రెండు, బెల్లం రైతుని రంగు చూసి సారా కేసుల్లోకి లాగడం ఆపాలి. మూడు, చోళ్లు, సామలు మొలక కట్టి మాల్ట్ చేసే చిన్న యూనిట్లకి ఆరబెట్టే సామాను, పిండి మర, అమ్ముకునే దారి ఆడవాళ్ల సంఘాలకి ఇవ్వాలి.

ఈలోగా చట్టం దాటమని మేం ఎవరికీ చెప్పం. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేస్తే ఈరోజు నేరమే, కేసు పడేది మన పిల్లల మీదే. మొలక కట్టి మాల్ట్ చెయ్యడానికి మాత్రం మద్యం లైసెన్సు అక్కర్లేదు. ఈ ఏడు ప్రతి ఊళ్లో కనీసం ఒక ఇల్లు పది కిలోల చోళ్లతో మొదలుపెట్టి, ఎంత ఖర్చయ్యింది, ఎంతకి పోయింది అని రాసి సంఘానికి పంపాలి. ఆ లెక్కలు చేతిలో ఉంటే అధికారుల ముందు మన మాటకి బలం ఉంటుంది.