లోపలి బట్టకూ ఒక కొలత ఉంది

43 ఏండ్లు వచ్చేదాకా నా కొలత నాకు తెలియదు. జాకెట్టు కొలత తెలుసు, అదీ కుట్టే ఆమె పుస్తకంలో రాసి పెట్టుకుంది కాబట్టి. లోపల వేసుకునే బాడీ కొలత మాత్రం ఎవరూ తీయలేదు, నేనూ తీసుకోలేదు. పెండ్లికి ముందు గద్వాల బజార్లో మా అమ్మ మెల్లగా "32 ఇయ్యి" అని అడిగేది. పెండ్లయి వనపర్తికి వచ్చాక నేను 34 అన్నాను. ఇద్దరు పిల్లలు పుట్టాక 36 అన్నాను. ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయంటే చెప్పలేను. దుకాణంలో ఒక అబ్బాయి ఉంటాడు, పక్కన ఇంకెవరో నిలబడి ఉంటారు. నోటికొచ్చిన అంకె చెప్పి, నల్ల కవర్లో పెట్టించుకుని బయటపడితే చాలనిపిస్తుంది. ఇంటికొచ్చి వేసుకుంటే బిగుతు. మార్చుకోవడానికి మళ్లీ పోవాలంటే సిగ్గు. అట్లాగే వేసుకుని తిరిగేదాన్ని. రాత్రి విప్పేసరికి భుజాల మీద ఎర్రగా చాళ్లు పడి ఉండేవి.

ఇది నా ఒక్కదాని కథ అనుకోను. చదువుతున్న మీలో ఎంతమందికి మీ కొలత తెలుసో ఒకసారి ఆలోచించండి.

నాకీ ఆలోచన రావడానికి కారణం పూసలు. మా ఆడబిడ్డ కూతురి పెండ్లి కుదిరినప్పుడు ఇంట్లో అందరికీ మగ్గం వర్క్ జాకెట్ల పిచ్చి పట్టింది. ఒక్క జాకెట్టు మీద పనికి వేలు అడుగుతున్నారు. అంత పెట్టడమెందుకు, నేనే నేర్చుకుంటానని చెక్క ఫ్రేము, ఆరీ సూది, దారాలు, చిట్టి పూసలు కొనుక్కొచ్చాను. పూసలైతే ఆశకు పోయి కిలో దాకా కొన్నాను. ఫోన్లో చూస్తే చాలా తేలికనిపించింది. బట్టను డప్పు తోలులాగా బిగించి కట్టాలి. కింద ఎడమ చేత్తో దారం అందిస్తూ, పైన కుడి చేత్తో కొక్కెం సూదిని దించి దారాన్ని గొలుసులాగా పైకి లాగాలి. ఒక్కో లాగుకూ ఒక్కో పూస పడాలి. రెండు నెలలు మెడ వంచుకుని కూర్చుంటే ఒక చెయ్యి పూర్తయింది. నేను వేసింది నెమలి. మా అబ్బాయి చూసి "కోడి బాగుందమ్మా" అన్నాడు. చివర ముడి సరిగ్గా పడనట్టుంది, మొదటిసారి వేసుకున్నప్పుడే ఒకచోట దారం తెగి, గొలుసంతా ఊడి, పెండ్లి పందిట్లో పూసలు రాలుకుంటూ పోయాను.

అయినా ఆ రెండు నెలలు వృథా పోయాయనను. పూస అంటే చిన్న పని కాదని తెలిసింది. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో తరతరాలుగా గాజు పూసలు చేసేవాళ్లున్నారు. కరిగిన గాజును సన్నని గొట్టంలాగా పొడుగ్గా లాగి, చిన్న చిన్న ముక్కలు కోసి, కోసిన అంచులు నున్నగా అయ్యేదాకా మళ్లీ వేడి చేస్తారు. అంచు నున్నగా లేకపోతే దారాన్ని తెంపుతుంది, చర్మాన్ని గీకుతుంది. ఇంత కష్టపడి చేసిన పూసను తెచ్చి మనం జాకెట్టు మీద కుట్టుకుంటాం, పదిమందీ చూడాలని. తప్పేం లేదు, నాకూ ఇష్టమే. కానీ ఆ పెండ్లి రోజు నా ఒంటి మీద జరుగుతున్నది వేరు. పైన రెండు నెలల పని, కింద సైజు తప్పిన బాడీ. పూసలకు మెచ్చుకోలు అందుకుంటూ, పక్క గదిలోకి పోయి పట్టీ సర్దుకుంటూ తిరిగాను.

నేను గద్వాల్లో పుట్టినదాన్ని. మా వీధి చివర మగ్గాల చప్పుడు వింటూ పెరిగినదాన్ని. గద్వాల చీర ఎందుకు పేరు పడిందని ఎవరినడిగినా పట్టు అంచు, పట్టు కొంగు, జరీ అంటారు. కానీ చీర ఒళ్లంతా నూలు కదా! ఒంటి నూలు పోగుకూ అంచు పట్టు పోగుకూ నేతలోనే లంకె వేసి కలుపుతారు, దాన్ని కుప్పడం అంటారు. కొంగు దగ్గర నూలు పోగులకు పట్టు పోగులను అతికి నేస్తారు. ఇంత తిప్పలు ఎందుకు, మొత్తం పట్టుతోనే నేయొచ్చు కదా? మన ఎండలు తెలిసినవాళ్లకు జవాబు చెప్పనక్కర్లేదు. పట్టు చూసేవాళ్లకు, నూలు కట్టుకునేవాళ్లకు. ఒంటికి తగిలే చోట మెత్తగా ఉండాలన్న ఇంగితం మా నేతగాళ్లకు ఎప్పుడో ఉంది. ఆ చీరలు కట్టుకునే మనకే, చీర కింద ఏముందన్న ధ్యాస లేదు.

ధ్యాస లేకపోవడానికి అసలు కారణం సిగ్గు. మా డాబా మీద బట్టలారేసే తీగ చూస్తే తెలుస్తుంది. ముందు వరసలో చీరలు, దుప్పట్లు, మా ఆయన బనీన్లు. వెనక వరసలో తువ్వాలు కింద నా లోపలి బట్టలు. మా అత్తమ్మ పైకి వచ్చిందంటే మొదట చూసేది అవే. "గవాటి మీద ఏమన్న కప్పరాదు, మంది జూస్తరు" అంటుంది. ఎండ తగలాల్సిన బట్టే ఎండ చూడదు. వానాకాలమైతే అదే చెమ్మతో వేసుకోవాలి. తర్వాత దురదలు, పొక్కులు. వాటి గురించీ ఎవరికీ చెప్పం.

నేను బీఏ తెలుగు చదివాను. ప్రబంధాల్లో నాయిక రొమ్ముల మీద పద్యాలకు పద్యాలు చదివాను, ప్రతిపదార్థాలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. మా పాలమూరు సంస్థానాల రాజులు కూడా ప్రబంధాలు రాశారు. కొల్లాపూర్ దగ్గరి జటప్రోలును ఏలిన సురభి మాధవరాయలు చంద్రికాపరిణయం రాశాడు. పద్యంలో ఇంత ధారాళంగా వచ్చే మాట ఇంట్లో ఒక్క ఆడదాని నోట రాదు. "అక్కడ", "ఆ జాగ", "పైన" అంటాం. ఈ నోరు పెగలకపోవడం ఎంత దూరం పోతుందో మా చిన్నమ్మను చూశాక తెలిసింది.

చిన్నమ్మది నాగర్‌కర్నూల్. కుడి రొమ్ములో గడ్డ తగులుతోందని ఆమెకు చాలా నెలల ముందే తెలుసు. నొప్పి లేదు కాబట్టి ఊరుకుంది. అలాంటి గడ్డ చాలాసార్లు నొప్పి లేకుండానే ఉంటుందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి ఒక రొమ్ము మొత్తం తీసేశారు. నేను చూడడానికి పోయినప్పుడు కోపం ఆపుకోలేక "ముందే ఎందుకు చెప్పలేదు చిన్నమ్మా?" అని అడిగాను. "ఎట్ల జెప్పాలె బిడ్డా, ఎవ్వరికన్న జెప్పేటి జాగనా అది?" అంది.

మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరే అన్నిటికంటే ఎక్కువ. ఈ ముక్క పేపర్లో చాలాసార్లు చదివాను. చదివి పేజీ తిప్పేశాను.

చికిత్స అంతా అయ్యాక చిన్నమ్మ ప్రాణానికి భయం లేదన్నారు. కానీ ఆమె గడప దాటడం మానేసింది. పెండ్లిళ్లకు రాదు, గుడికి పోదు. పైట ఒకవైపు నిలవదు, జారుతుంది. రెండో వైపు బరువుకు ఒళ్లు ఒకపక్కకు గుంజుతుందని, మెడ నొస్తుందని చెప్పింది. ఇట్లాంటివాళ్లకు సిలికాన్‌తో చేసినవి దొరుకుతాయి. అడిగితే ధర ఆమెకు ఎక్కువనిపించింది. కొనిస్తామంటే, అది పట్టుకుని దుకాణంలో ఎవరి ముందు నిలబడాలె అంది. అప్పుడు అన్నాను, నేను కుడతానని. అనేశాను గానీ, అప్పటిదాకా నేను కుట్టింది లోలంగాలు, దిండు గలీబులు, ఆ కోడి జాకెట్టు.

నేర్చుకోవడానికి నా పాతదే ఒకటి, ఉన్నవాటిలో కాస్త సరిపోయేది, కుట్లన్నీ విప్పేశాను. ముక్కలను పేపరు మీద పరిచి గీసుకున్నాను. అరచేతంత బట్టలో అన్ని ముక్కలుంటాయని అప్పటిదాకా ఊహించలేదు. రొమ్ము కింద చుట్టుకొలత ఒకటి, రొమ్ము మీదుగా చుట్టుకొలత ఒకటి. ఈ రెంటికీ ఉన్న తేడాను బట్టి గిన్నె లోతు. మనం ఆ ఒక్క 34 అంకె చెప్పి ఊరుకుంటాం, లోతు సంగతి అడగం. ఇంకో సంగతి, బరువు మోయాల్సింది భుజం పట్టీలు కాదు, కింద చుట్టూ ఉండే పట్టీ. అది వదులైతే బరువంతా భుజాల మీద పడుతుంది. ఇరవై ఏండ్లుగా నా భుజాల మీద చాళ్లు ఎందుకు పడుతున్నాయో ఆ రోజు అర్థమైంది. కొలిచి చూసుకుంటే చుట్టుకొలత నేను చెబుతూ వచ్చినదాని కంటే తక్కువ, లోతు ఎక్కువ.

మొదటిది నాకే కుట్టుకున్నాను, కుట్టు గుచ్చుకుని గంటలో విప్పేశాను. రెండోదానికి బట్టను ఏటవాలుగా కత్తిరించాను, వేసుకోగానే సాగిపోయింది. మూడోదానికి కుట్టు అంచులు లోపలికి మడిచి మళ్లీ కుట్టాను, లోపల మల్లు బట్ట వేశాను. అది కుదిరింది. అప్పుడు టేపు తీసుకుని నాగర్‌కర్నూల్ బస్సెక్కాను.

తలుపు గడియ పెట్టి చిన్నమ్మకు కొలతలు తీశాను. ఆపరేషన్ మచ్చ మీద చెయ్యి పడకుండా తీయడానికి నేను భయపడుతుంటే, "తియ్యి, ఏం గాదు" అని ఆమే ధైర్యం చెప్పింది. ఆరు పదుల వయసులో ఆమె ఒంటికి ఎవరైనా ఈ కొలత తీయడం అదే మొదటిసారి.

కుడివైపు లోపల జేబులాగా కుట్టి, పక్క నుంచి తెరుచుకునేలా పెట్టాను. అందులో పెట్టే మెత్త దగ్గర వచ్చింది చిక్కు. ఉట్టి దూది పెడితే తేలికై మెడ దాకా ఎక్కుతోంది. పసిపిల్లలకు ఆవాల దిండు చేస్తాం కదా, ఆ గుర్తుతో ఆవాలు పోసి చూశాను. బరువు బాగానే ఉంది. కానీ ఎండాకాలం చెమటకు నాలుగు రోజుల్లో ముక్క వాసన. ఉతకడానికి లేదు. ఏం చేయాలా అని చూస్తుంటే మగ్గం పని డబ్బాలో మిగిలిపోయిన పూసలు కనబడ్డాయి. రెండు పొరల గుడ్డ సంచిలో పోసి, దగ్గర దగ్గర కుట్టు వేసి, దాన్ని మెత్తలో అడుగున పెట్టి పైన దూది పేర్చాను. వంటింటి తక్కెడలో తూచి, 200 గ్రాములు బరువైతే తగ్గించి, 150 దగ్గర ఆపాను. ఉతికేటప్పుడు సంచి బయటికి తీసి సబ్బు నీళ్లలో కడిగి ఆరేస్తే సరి. వేసుకోవచ్చా అని ముందు డాక్టరమ్మను అడిగాం, మచ్చ పూర్తిగా మానింది కాబట్టి పర్వాలేదంది.

చిన్నమ్మ వేసుకుని, పైట సర్దుకుని, అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. నన్ను మెచ్చుకుంటుందేమో అని చూస్తున్నాను. "బుజం గుంజుత లేదు" అంది. అంతే. ఆ శనివారం గుడికి పోయింది.

మా ఆయన అడిగాడు, "బజార్లో వంద రూపాయలకు దొరికేదానికి ఇన్ని రోజులు కూర్చోవాలా?" అని. న్యాయమైన ప్రశ్నే. బట్ట, ఎలాస్టిక్, హుక్కులు, నా టైము లెక్కేస్తే నష్టమే. అందరూ మిషన్ ముందు కూర్చుని కుట్టుకోమని నేనూ చెప్పను. సరిగ్గా కొలిచి కొనుక్కుంటే బజారుదీ బాగానే ఉంటుంది. కానీ కుట్టడానికి కూర్చున్నాను కాబట్టే నా ఒంటిని నేను చూసుకున్నాను. ఎంత ఉన్నాను, ఎక్కడ నొక్కుకుంటోంది, ఎక్కడేమైనా చేతికి తగులుతోందా అని. 1914లో అమెరికాలో బ్రాకు పేటెంటు తీసుకున్న మేరీ ఫెల్ప్స్ జేకబ్ కూడా మొదట చేసింది ఇంట్లో కుట్టుడే. ఉన్నది ఇబ్బందిగా ఉందని రెండు చేతిరుమాళ్లూ ఒక రిబ్బనూ కలిపి, పనిచేసే అమ్మాయి సాయంతో కుట్టించుకుంది. ఇబ్బందిగా ఉందని గట్టిగా అనుకోవడమే అక్కడ మొదటి పని. మనం ఆ పనే చేయం. సర్దుకుంటాం.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. మగ్గం వర్క్ జాకెట్టుకు పోయినప్పుడు పెట్టే శ్రద్ధలో పదో వంతు లోపలి బట్టకు పెట్టండి. ఒక టేపు కొని తలుపేసుకుని కొలుచుకోండి. ఆడపిల్లలుంటే వాళ్లకు మీరే తీయండి, అంకె ఊహించి చెప్పకండి. టేపు పట్టుకున్న చేత్తోనే గడ్డలేమైనా ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే నొప్పి లేదని ఊరుకోకుండా, అదే వారం డాక్టరు దగ్గరికి పొండి.

ఈ మధ్య మా అత్తమ్మ ఒక మధ్యాహ్నం మెల్లగా వచ్చి మిషన్ పక్కన కూర్చుంది. "నాకు చెయ్యి ఎనక్కు పోతలేదు, కొక్కాలు ముందల పెట్టి కుడ్తవా?" అని అడిగింది. నూలు బట్టతో, ముందు హుక్కులతో మూడు కుట్టిచ్చాను. ఇప్పుడు తీగ మీద ఆమెవీ నావీ పక్కపక్కనే ఆరుతున్నాయి. ఆమె పైకి వచ్చి తువ్వాలు కప్పుతుంది. ఆమె కిందికి దిగాక నేను పోయి తీసేస్తాను.